7,000 బడ్జెట్‌తో పాత సిస్టం: సికింద్రాబాద్ సీటీసీలో ఏం కొన్నాను, ఏం వదిలేశాను

మా ఇంట్లోది 2014లో అసెంబుల్ చేయించిన సిస్టం. ఐ3-4150 ప్రాసెసర్, హెచ్81 బోర్డు, 4 జీబీ ర్యామ్, 500 జీబీ హార్డ్ డిస్క్. ఎస్‌ఎంపీఎస్ (లోపలి భాగాలకి కరెంటు అందించే డబ్బా) అంటారా, అది క్యాబినెట్‌తో పాటు ఊరికే వచ్చింది. పగలంతా దాని మీద నేను డీటీపీ (పుస్తకాలకీ కార్డులకీ పేజీలు కూర్చే పని) చేసుకుంటాను. సాయంత్రం ఇంటర్ చదివే మా అమ్మాయి వీడియో క్లాసులకి కూర్చుంటుంది. ఖాళీ దొరికితే మా ఆయన కరెంటు బిల్లు, ఎల్‌ఐసీ ప్రీమియం కట్టుకుంటారు. పోయిన ఏడాది ఎండాకాలం నుంచి ముగ్గురం దాన్ని తిట్టుకుంటూనే ఉన్నాం. స్విచ్ వేసిన దగ్గర్నుంచి పేజ్‌మేకర్‌లో మొదటి అక్షరం కొట్టడానికి ఏడెనిమిది నిమిషాలు పట్టేది. క్రోమ్‌లో మూడో ట్యాబు తెరిస్తే మౌస్ బాణం ఆగి ఆగి కదిలేది.

దగ్గర్లోని సర్వీసు షాపులో చూపిస్తే "బోర్డు పాతదైపోయింది మేడమ్, దీనికి ఏం పెట్టినా దండగే" అని 32,000కి కొత్త సిస్టం కొటేషన్ రాసి చేతిలో పెట్టారు. నా దగ్గరున్నవి 7,000. అవి కూడా ఒక స్మారక సంచిక తాలూకు పాత బకాయి వసూలైతే వచ్చినవి.

కొత్తది వద్దనుకోవడానికి డబ్బొక్కటే కారణం కాదు. నేను పని చేసేది పేజ్‌మేకర్ 7 మీద. అది 2001లో వచ్చింది. ఆ తర్వాత అడోబీ దాన్ని పక్కన పెట్టి ఇన్‌డిజైన్‌కి వెళ్లిపోయింది. తెలుగు డీటీపీలో మాలాంటి వాళ్లం చాలామంది అను ఫాంట్లతో పాటు ఇంకా దాన్నే పట్టుకుని ఉన్నాం. నా డిస్కులో పదేళ్ల మేటర్ ఉంది: పెళ్లి కార్డులు, గుడి కరపత్రాలు, కవులు సొంత ఖర్చుతో వేయించుకున్న సంపుటాలు. ఎనిమిదేళ్ల కిందట పుస్తకం వేయించుకున్న పెద్దాయన హఠాత్తుగా ఫోన్ చేసి "అమ్మా, రెండో ముద్రణ వేద్దామనుకుంటున్నాను, పాత ఫైలు ఉందా?" అంటారు. ఉందండీ అని చెప్పగలగాలి. ఆ మేటరంతా అను కోడింగ్‌లోనే ఉంది, ఏ సిస్టంలోనైనా తెలుగుగా కనిపించే యూనికోడ్‌లో లేదు. కొత్త సిస్టంలో అవన్నీ మళ్లీ ఇన్‌స్టాల్ చేయడం, ఫాంటు ఎక్కడ మారిందో, ఏ ఒత్తు ఎగిరిపోయిందో వెతుక్కోవడం నా వల్ల కాదు. అందుకని లోపలున్నది ఉన్నట్టే ఉండి, వేగం మాత్రం పెరగాలనుకున్నాను.

కొనడానికి బయల్దేరే ముందు అసలు ఏది అడ్డం పడుతోందో చూసుకోవాలి. దీనికి ఎవరికీ డబ్బులివ్వక్కర్లేదు. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో పర్ఫార్మెన్స్ అనే చోట నొక్కి, రోజూ చేసే పని చేస్తూ గమనించండి. మా దాంట్లో ప్రాసెసర్ 20 శాతం కూడా దాటలేదు. ర్యామ్ నిండిపోయింది. డిస్క్ మాత్రం ఏ పనీ చెప్పకపోయినా 100 శాతం దగ్గరే నిలబడింది.

ఎందుకో తెలుసుకుంటే ఏం కొనాలో తేలిపోతుంది. హార్డ్ డిస్క్‌లో పళ్లెం నిమిషానికి 7,200 సార్లు తిరుగుతుంది. కావలసిన ముక్క సూది కిందికి రావడానికి సగటున అర చుట్టు పడుతుంది, అంటే 4 మిల్లీసెకన్ల పైనే. సూది ఆ గీత దగ్గరికి జరగడానికి ఇంకొంత. అలా లెక్కేస్తే అక్కడక్కడ చెదిరిపోయిన చిన్న ముక్కల్ని సెకనుకి ఓ వంద మాత్రమే తీయగలదు. విండోస్ 10 ఆన్ అయ్యేటప్పుడు అడిగేవన్నీ ఇలాంటి చిన్న ముక్కలే. పైగా ర్యామ్ చాలనప్పుడు విండోస్ మిగతాది తీసుకెళ్లి డిస్కు మీదే దాస్తుంది. కాబట్టి 4 జీబీ ర్యామ్ భారం కూడా ఆ పళ్లెం మీదే పడుతోంది. ప్రాసెసర్ ఖాళీగా కూర్చుంటే బోర్డు మార్చమని చెప్పడం ఏమిటో నాకు అర్థం కాలేదు.

బడ్జెట్ చిన్నది కాబట్టి ప్రతి పార్టు గురించీ ఒకటే ప్రశ్న వేసుకున్నాను. రేపు ఈ బోర్డు పోతే ఇది నాతో పాటు తర్వాతి సిస్టంలోకి వస్తుందా? వచ్చేదైతే కొత్తది, మంచిది కొనాలి. రానిదైతే సెకండ్ హ్యాండ్‌లో చౌకగా కొనాలి, లేదంటే కొనకూడదు. మిగతా నిర్ణయాలన్నీ దీన్నుంచే వచ్చాయి.

ఇక మార్కెట్ సంగతి. సికింద్రాబాద్ పార్క్ లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్ ఉంది. ఆ పేరుతో అడిగితే ఒక్కోసారి తెల్లమొహం వేస్తారు, సీటీసీ అంటే మాత్రం ఆటోవాళ్లందరికీ తెలుసు. బండి మీద వెళ్లి పార్కింగ్ కోసం తిప్పలు పడే బదులు మెట్రోలో ప్యారడైజ్ స్టేషన్‌లో దిగి నడవడం సుఖం. ఆదివారం మాత్రం వెళ్లకండి. పొద్దున పదకొండుకి ముందు కూడా అనవసరం, షట్టర్లు సగం దించే ఉంటాయి. లోపల సన్నటి వరండాలు, రెండు వైపులా గదంత షాపులు, అట్టపెట్టెలు మోసుకుంటూ "సైడ్, సైడ్" అని అరిచే కుర్రాళ్లు. జిల్లాల నుంచి హోల్‌సేల్‌కి వచ్చినవాళ్లు కౌంటర్ దగ్గర నిలబడితే మీరు కాసేపు ఎవరికీ కనబడరు. ఆడవాళ్లు ఒంటరిగా వెళ్లొచ్చా అని మా మరదలు అడిగింది. నిక్షేపంలా వెళ్లొచ్చు. ఎవరికీ మనతో మాట్లాడే తీరికే ఉండదు.

ఆ మార్కెట్లో ఒక పద్ధతి ఉంది. "సిస్టం స్లోగా ఉంది బాబూ, ఏం చేయాలి?" అని అడిగితే కొత్త సిస్టం కొటేషన్ వస్తుంది. "భయ్యా, హెచ్81 బోర్డుకి 8 జీబీ డీడీఆర్3 ర్యామ్ కావాలి, పాతదైనా ఫర్వాలేదు" అంటే ఒక్క ముక్కలో రేటు చెప్తారు. వాళ్లని తప్పు పట్టను. రోజుకి వందమంది వచ్చే కౌంటర్ దగ్గర మన ఇంట్లో సిస్టం కథ వినడం కుదరదు. కాబట్టి బోర్డు మోడల్ రాసుకుని వెళ్లండి. విండోస్‌లో సిస్టం ఇన్ఫర్మేషన్ అని వెతికితే బేస్‌బోర్డ్ ప్రొడక్ట్ అని ఒక వరస ఉంటుంది, అదే మోడల్. క్యాబినెట్ మూత తీసి లోపల ఫోన్‌తో నాలుగు ఫొటోలు కూడా తీసి పెట్టుకోండి. ఎన్ని ర్యామ్ స్లాట్లున్నాయి, ఎస్‌ఎంపీఎస్ వైర్లు ఎక్కడిదాకా వస్తున్నాయి లాంటివి కౌంటర్ దగ్గర నోటితో చెప్పడం కష్టం.

మొదట కొన్నది ఎస్‌ఎస్‌డీ, అంటే పళ్లెం, సూది లేకుండా చిప్‌ల మీద దాచే డ్రైవు. క్రూషియల్ బీఎక్స్500, 500 జీబీ, 3,200. మాది హెచ్81 కాబట్టి కర్ర ముక్కలా ఉండే కొత్తరకం ఎన్‌వీఎమ్‌ఈ డ్రైవులు పెట్టడానికి స్లాటు లేదు, హార్డ్ డిస్క్‌లాగే వైరుతో తగిలించే రెండున్నర అంగుళాల సాటా డ్రైవే కొనాలి. వేగం సెకనుకి 500 మెగాబైట్ల చిల్లర అని డబ్బా మీద వేస్తారు, ఎన్‌వీఎమ్‌ఈ డబ్బా మీద ఇంకా పెద్ద అంకెలుంటాయి. నాలాంటి పనికి ఆ అంకెలతో సంబంధం లేదు. చిన్న ముక్కల్ని సెకనుకి వంద తీసే దాని బదులు వేల సంఖ్యలో తీసేది వచ్చిందా లేదా అన్నదే లెక్క, అది ఏ సాటా ఎస్‌ఎస్‌డీ అయినా చేస్తుంది. శాంసంగ్ 870 ఈవో ఇంకా మంచిది. లోపల డీ-ర్యామ్ కాష్ (డ్రైవు తన లెక్కలు పెట్టుకునే చిన్న మెమరీ) ఉంటుంది, వారంటీ 5 ఏళ్లు. బీఎక్స్500లో ఆ కాష్ లేదు, వారంటీ 3 ఏళ్లు. నేను వెళ్లిన రోజు రెండింటికీ తేడా 1,400 చెప్పారు. బీఎక్స్500 మీద 120 టెరాబైట్ల దాకా రాయొచ్చని కంపెనీ లెక్క. మూడేళ్లకి పంచితే రోజుకి వంద జీబీ పైమాటే. నా పేజ్‌మేకర్ ఫైళ్లు నాలుగైదు ఎంబీ దాటవు. ఆ 1,400 వేరే చోట ఖర్చు పెట్టుకున్నాను.

480 జీబీ డ్రైవు 250 రూపాయలు తక్కువకే వస్తుందని కౌంటర్ దగ్గర అబ్బాయి చెప్పాడు. "480కి 500కి తేడా ఏముంటుంది మేడమ్, మీరేమన్నా సినిమాలు దాస్తారా?" అన్నాడు. తేడా ఉంది. పాత డిస్కును ఉన్నదున్నట్టు కొత్తదాని మీదికి దించాలంటే క్లోనింగ్ చేయాలి. ఉచితంగా దొరికే క్లోన్‌జిల్లా మామూలుగా అయితే కొత్త డ్రైవు పాతదానికి సమానంగానో పెద్దదిగానో ఉండాలంటుంది. పాతది 500, కొత్తది 480 అయితే ముందు పార్టిషన్ కుదించాలి, ఆ తర్వాత ఇంకో రెండు మెట్లు. ఆ పని చేసిపెట్టడానికి బయట ఎవరైనా 500 తీసుకుంటారు. మీ హార్డ్ డిస్క్ ఎంతో అంత, లేదా అంతకంటే పెద్దదే కొనండి.

క్లోన్ చేసే ముందు క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో పాత డిస్కు ఆరోగ్యం చూసుకోండి. గుడ్ అని నీలం రంగులో వస్తే సరే. కాషన్ అని పసుపు రంగులో వస్తే ముందు ముఖ్యమైన ఫైళ్లు పెన్‌డ్రైవ్‌లోకి తీసి, అప్పుడు మిగతాది ఆలోచించండి. ఇంకో జాగ్రత్త. రెండు డ్రైవులూ 500 జీబీయే కాబట్టి తెర మీద ఒకేలా కనిపిస్తాయి. ఏది పాతది, ఏది కొత్తది అని క్లోన్‌జిల్లా అడిగినప్పుడు పేరు, సీరియల్ నంబరు రెండూ కాగితం మీద రాసుకుని పోల్చి మరీ ఎంటర్ కొట్టాలి. తారుమారైతే ఖాళీ డ్రైవొచ్చి పదేళ్ల మేటర్ మీద కూర్చుంటుంది. పని అయ్యాక మొదటిసారి ఆన్ చేసేటప్పుడు పాత డిస్కు వైరు పీకేయండి. రెండింటికీ ఒకే గుర్తింపు నంబరు ఉండటం వల్ల విండోస్ తికమక పడుతుంది.

హెచ్81 బోర్డు మీద సాటా పోర్టులన్నీ ఒకటి కావు. రెండు 6 గిగాబిట్‌వి, మిగతావి 3 గిగాబిట్‌వి. పక్కన సన్న అక్షరాల్లో రాసి ఉంటుంది, కొన్ని బోర్డుల్లో రంగు కూడా వేరుగా ఉంటుంది. ఎస్‌ఎస్‌డీని 6 గిగాబిట్ దానికి తగిలించండి. పాత డిస్కు 3 గిగాబిట్‌కి వెళ్లినా దానికి నష్టమేం లేదు.

బిల్లు సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ఒక షాపులో "బిల్లు లేకుండా అయితే తగ్గిస్తాం" అన్నారు. పార్టుల మీద జీఎస్టీ 18 శాతం, కాబట్టి ఆశ పుడుతుంది. వారంటీ ఉన్న వస్తువుకి బిల్లు వదులుకోకండి. ఆ షాపు వదిలేసి పక్క వరండాలో సీరియల్ నంబరుతో సహా బిల్లు రాసిచ్చిన చోట తీసుకున్నాను.

ర్యామ్ దగ్గర నా పద్ధతి పూర్తిగా వేరు. డీడీఆర్3 ఈ బోర్డుతోనే పోతుంది, కొత్త సిస్టంలలో అది దూరదు కూడా. కాబట్టి సెకండ్ హ్యాండ్. 8 జీబీ స్టిక్ ఒకటి 950కి తీసుకున్నాను, పాత 4 జీబీని అలాగే ఉంచాను. మొత్తం 12. ఒకేలాంటివి రెండు ఎనిమిదులు వేస్తే డ్యూయల్ ఛానల్ (రెండు స్టిక్కుల్నీ ఒకేసారి వాడుకోవడం) పూర్తిగా పని చేస్తుంది, బోర్డు కూడా 16 దాకా తీసుకుంటుంది. అది నిజమే. కానీ పేజ్‌మేకర్ పాతకాలపు 32 బిట్ సాఫ్ట్‌వేర్, 2 జీబీకి మించి ఇచ్చినా దానికి వాడుకోవడం రాదు. మిగతాది తినేది క్రోమ్, మా అమ్మాయి క్లాసులు. వాటికి 12 బాగా సరిపోతోంది. పాత స్టిక్ 1333, కొన్నది 1600. రెండూ కలిస్తే తక్కువ వేగానికే నడుస్తాయి, అయినా నాకు తేడా ఏమీ తెలియలేదు.

సెకండ్ హ్యాండ్ ర్యామ్‌లో ఒక మోసం లాంటిది ఉంది. మరీ చౌకగా కొత్తవాటిలా మెరిసే 8 జీబీ డీడీఆర్3 స్టిక్కులు దొరుకుతాయి. అవి కొన్ని పాత ఏఎండీ బోర్డుల్లో మాత్రమే పనిచేస్తాయి, ఇంటెల్ బోర్డులో పెడితే తెర నల్లగానే ఉంటుంది. స్టిక్కర్ మీద ఏఎండీ అని ఉంటే అసలు ముట్టుకోకండి. లేకపోయినా "ఇంటెల్ బోర్డులో వేసి చూపించు భయ్యా" అనండి. సెకండ్ హ్యాండ్ షాపుల్లో టేబుల్ మీద మూత లేని బోర్డు ఒకటి ఇలా టెస్ట్ చేయడానికే ఉంటుంది. నేను కొన్నచోట అడగకముందే పెట్టి చూపించాడు, వారం రోజులు టెస్టింగ్ వారంటీ అని చీటీ మీద తేదీ వేసిచ్చాడు. ఆ వారంలోనే ర్యామ్‌ని పరీక్షించే మెమ్‌టెస్ట్ పెట్టి రాత్రంతా నడిపించుకోండి. ఒక్క తప్పు చూపించినా వెనక్కి ఇచ్చేయండి. తప్పులున్న ర్యామ్ ఆ రోజుకి బాగానే నడుస్తుంది, మెల్లగా ఫైళ్లు పాడుచేస్తుంది.

ఎస్‌ఎంపీఎస్ మీద డబ్బు పెట్టడం మా ఆయనకి నచ్చలేదు. "అది బానే ఉందిగా, వేగానికీ దానికీ సంబంధం ఏమిటి?" అన్నారు. వేగానికి సంబంధం లేదు. కానీ బయాస్‌లోకి (విండోస్ కంటే ముందు తెరుచుకునే బోర్డు సెట్టింగులు) వెళ్లి చూస్తే 12 వోల్టుల లైను 11.3 చూపిస్తోంది. దానికి అటూ ఇటూ 5 శాతం తేడా ఒప్పుకుంటారు, అంటే 11.4కి తగ్గకూడదు. బయాస్ అంకె వైద్యుడి రిపోర్టంత కచ్చితమైనది కాదని తెలుసు. అయినా పదకొండేళ్ల నాటి, పేరూ ఊరూ లేని ఎస్‌ఎంపీఎస్, ఫ్యాను గరగర, పైగా మల్కాజిగిరిలో ఎండాకాలం కరెంటు వచ్చీపోయే తీరు. అన్నీ కలిపితే కొత్త ఎస్‌ఎస్‌డీని దాని చేతిలో పెట్టబుద్ధి కాలేదు. ఎస్‌ఎంపీఎస్ పోతే తనొక్కటే పోదు, ఒక్కోసారి బోర్డునీ డిస్కునీ వెంటబెట్టుకుని పోతుంది. డీప్‌కూల్ పీఎఫ్450 తీసుకున్నాను, 2,500. కరెంటు తక్కువ వృథా చేసేవాటికి ఇచ్చే 80 ప్లస్ ముద్ర ఉంది.

650 వాట్లది తీసుకోమని కౌంటర్లో గట్టిగానే చెప్పారు, "ఫ్యూచర్‌లో గ్రాఫిక్స్ కార్డు వేస్తారు కదా" అని. ఐ3-4150 రేటింగే 54 వాట్లు. గ్రాఫిక్స్ కార్డు లేని ఇలాంటి సిస్టం ఎంత పనిచేసినా 100 వాట్ల లోపే. 450 అంటే నాలుగింతలు. కొనేటప్పుడు చూసుకోవలసింది బోర్డుకి వెళ్లే 24 పిన్నులది, ప్రాసెసర్‌కి వెళ్లే 4 పిన్నులది, సాటా పవర్ వైర్లు రెండుకి తగ్గకుండా.

చిన్నాచితకా త్వరగా చెప్పేస్తాను. సాటా వైరు 90. ప్రాసెసర్‌కీ దాని ఫ్యానుకీ మధ్య పూసే థర్మల్ పేస్ట్ 150. పాతది ప్రాసెసర్ మీద ఎండి సున్నంలా రాలింది. సీఆర్2032 బటన్ సెల్ 40. ఈ సెల్‌ని మాత్రం తక్కువ చేయకండి. అది అయిపోతే ఆన్ చేసిన ప్రతిసారీ గడియారం వెనక్కి పోతుంది. తేదీ తప్పయితే బ్యాంకు సైట్లు "ఈ కనెక్షన్ సురక్షితం కాదు" అని తెరుచుకోవు. వైరస్ వచ్చిందని సిస్టం ఫార్మాట్ కొట్టించుకున్న వాళ్లని నేనెరుగుదును. ఎస్‌ఎస్‌డీని క్యాబినెట్‌లో బిగించడానికి బ్రాకెట్ అమ్ముతారు. అది లేకపోయినా నష్టం లేదు, లోపల కదిలే భాగాలేం లేవు కాబట్టి నేను రెండు వైపులా అంటుకునే టేపుతో అతికించాను. మొత్తం 6,930. మిగిలిన 70తో అక్కడే సమోసా తిని ఛాయ్ తాగి మెట్రో ఎక్కాను.

వదిలేసిన వాటిలో మొదటిది ప్రాసెసర్. ఇదే సాకెట్‌కి సెకండ్ హ్యాండ్ ఐ5-4570 దొరుకుతుంది, ఐ7-4770 కూడా. ఐ7కి ఆ రోజు 4,800 చెప్పారు. నాలుగు కోర్లు, ఎనిమిది థ్రెడ్లు, వినడానికి బావుంటుంది. కానీ పేజ్‌మేకర్ వాడుకునేది ఒక్క కోరే. నా ఐ3 నడిచేది 3.5 గిగాహెర్ట్జ్ మీద, ఐ5-4570 ఎంత ఎగిరినా 3.6. నా పనిలో తేడా వెంట్రుకవాసి. వీడియో ఎడిటింగ్ చేసేవాళ్లయితే లెక్క వేరు, వాళ్లకి ఐ7 ఉపయోగపడుతుంది. కానీ వేడి కూడా ఎక్కువ, ఐ7-4770 రేటింగ్ 84 వాట్లు.

రెండోది గ్రాఫిక్స్ కార్డు. మా అమ్మాయి యూట్యూబ్ క్లాసులు 1080లో పెడితే తడబడేవి. జీటీ 710 వేస్తే సరిపోతుందని ఒకచోట 3,300 చెప్పారు. అది పెట్టినా ఏమీ మారదు. యూట్యూబ్ ఎక్కువగా పంపేది వీపీ9 అనే పద్ధతిలో ఉన్న వీడియో. దాన్ని విప్పడం మా ప్రాసెసర్‌లోని ఇంటెల్ గ్రాఫిక్స్‌కి సరిగా రాదు, జీటీ 710కీ రాదు. ఆ తరం కార్డులకి ఎన్‌విడియా కొత్త ఫీచర్లున్న డ్రైవర్లు ఇవ్వడం 2021లోనే ఆపేసింది కూడా. దీనికి మందు ఉచితం. క్రోమ్‌లో హెచ్264ఇఫై అనే ఎక్స్‌టెన్షన్ వేస్తే యూట్యూబ్ పాత హెచ్.264 వీడియో పంపుతుంది, దాన్ని ఇంటెల్ గ్రాఫిక్స్ హాయిగా విప్పుతుంది. ఇప్పుడు 1080లో తడబాటు లేదు. అంతకు మించిన క్వాలిటీ రాదు, మా మానిటర్‌కి అక్కర్లేదు కూడా.

ఇంతకీ ఫలితం. స్విచ్ వేశాక డెస్క్‌టాప్ రావడానికి ఇరవై సెకన్ల చిల్లర. వచ్చీరాగానే పని మొదలుపెట్టొచ్చు, ఆ లోడింగ్ చక్రం తిరగడం లేదు. పేజ్‌మేకర్ నొక్కగానే తెరుచుకుంటోంది, ఫాంట్లన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి, పాత పుస్తకాలు పదికి పైగా తెరిచి చూశాను, ఒక్క పొల్లు కూడా ఎగిరిపోలేదు. మా అమ్మాయి క్లాసు ఓ పక్కన ఆగి ఉన్నా నేను ప్రూఫు దిద్దుకోగలుగుతున్నాను. మారనిది కూడా ఒకటుంది. రెండొందల పేజీల పుస్తకాన్ని డిస్టిల్లర్‌లో పీడీఎఫ్ చేయడానికి దాదాపు ఇదివరకటంతే సమయం పడుతోంది. అది పూర్తిగా ప్రాసెసర్ పని, నేను అక్కడ రూపాయి పెట్టలేదు. ప్రెస్‌కి పంపేది వారానికి ఒకటో రెండో, సర్దుకుంటాను.

ఇక విండోస్. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11కి ఇంటెల్‌లో ఎనిమిదో తరం, ఆపై ప్రాసెసర్ ఉండాలి, టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ ఉండాలి. మాది నాలుగో తరం. ఐ7 కొన్నా అది కూడా నాలుగో తరమే, కాబట్టి అందుకోసం ఐ7 కొనడంలోనూ అర్థం లేదు. "దొడ్డిదారిన 11 వేసిస్తాం, 500 ఇవ్వండి" అని మార్కెట్లో చెప్తారు. వేయొచ్చు, నడుస్తుంది కూడా. కానీ అప్‌డేట్లు వస్తాయని మైక్రోసాఫ్ట్ మాటివ్వదు, పేజ్‌మేకర్ ఉన్న సిస్టం మీద నేను ఆ ప్రయోగం చేయను. ఇంటి వాడకందార్లకి 2026 అక్టోబరు 13 దాకా సెక్యూరిటీ అప్‌డేట్లు ఇచ్చే ఏర్పాటుంది. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయి సెట్టింగులు బ్యాకప్ పెట్టుకుంటే ఉచితం, లేదంటే 30 డాలర్లు. అప్‌డేట్ల పేజీలోనే చేరమని అడుగుతుంది. నేను చేరాను. ఆ గడువు అయ్యాక దీని ఇంటర్నెట్ వైరు పీకేసి పేజ్‌మేకర్‌కి మాత్రమే ఉంచుతాను, బ్యాంకు పనులకీ క్లాసులకీ ఇంకోటి చూసుకోవాలి.

ఆ ఇంకోటి ఏమిటో కూడా సీటీసీలోనే చూసి వచ్చాను. ఆఫీసుల్లో వాడి తీసేసిన డెల్ ఆప్టిప్లెక్స్, హెచ్‌పీ, లెనోవో డెస్క్‌టాప్‌లు ఎనిమిదో తరం ఐ5తో అప్పుడు పదిహేను వేల చుట్టుపక్కల ఉండేవి. మీ దగ్గర ఆ డబ్బుంటే, నాలా పాత సాఫ్ట్‌వేర్ బంధం లేకపోతే, పాత సిస్టం మీద ఏమీ పెట్టకుండా అదే తీసుకోండి. విండోస్ 11 నిజాయితీగా ఎక్కుతుంది. నా ఎస్‌ఎస్‌డీ అందులోకి మారుతుంది. ఎస్‌ఎంపీఎస్ మాత్రం చాలావరకు మారదు, ఆ కంపెనీలవి కొలతలూ కనెక్టర్లూ వేరు. అసెంబుల్డ్ సిస్టం కొంటేనే నా పీఎఫ్450కి మళ్లీ పని.

రేట్ల గురించి ఒక హెచ్చరిక. పైన రాసినవి 2025 ఆగస్టులో నేను ఇచ్చినవి. ఆ తర్వాత ఏఐ డేటా సెంటర్ల గిరాకీతో మెమరీ చిప్‌ల ధరలు ఎగబాకాయి, ర్యామ్, ఎస్‌ఎస్‌డీ రెండూ పెరిగాయి. క్రూషియల్ బ్రాండు యజమాని మైక్రాన్ కూడా ఇంటి వాడకందార్లకి అమ్మడం ఆపేస్తున్నట్టు 2025 డిసెంబరులో ప్రకటించింది. ఇప్పటికే అమ్మినవాటికి వారంటీ కొనసాగుతుందని చెప్పింది. కాబట్టి నేను కొన్న మోడలే కావాలని తిరక్కండి. ఏ తెలిసిన కంపెనీ సాటా ఎస్‌ఎస్‌డీ అయినా, బిల్లుతో, మీ డిస్కు కంటే చిన్నది కాకుండా చూసుకుంటే చాలు. బడ్జెట్ బిగిస్తే ముందు ఎస్‌ఎస్‌డీ కొనండి, ర్యామ్ తర్వాతి నెలకి వాయిదా వేయండి. నేనైతే ఆ వరసలోనే వెళ్తాను.

మీది హెచ్61 బోర్డు అయితే కూడా ఇదంతా వర్తిస్తుంది. అందులో సాటా పోర్టులు మామూలుగా 3 గిగాబిట్‌వే ఉంటాయి, ఎస్‌ఎస్‌డీ సగం వేగంతో నడుస్తుంది, అయినా హార్డ్ డిస్క్‌తో పోలికే లేదు. జీ41 లాంటి ఇంకా పాత బోర్డయితే మాత్రం ర్యామ్ కోసం, ప్రాసెసర్ కోసం తిరక్కండి. ఎస్‌ఎస్‌డీ ఒక్కటి కొని, పాత ఫైళ్లు దాని మీదికి తీసుకుని, బోర్డును స్క్రాప్‌కి ఇచ్చేయండి.